భర్త సంతకం లేదని ఆసుపత్రి వెనక్కి పంపితే

ప్రశ్న: మాది నాగర్‌కర్నూల్ జిల్లా, అచ్చంపేట వైపు ఒక పల్లె. నాకు 27 ఏళ్లు, ఇద్దరు ఆడపిల్లలు. నా భర్త మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకొని పుణె పనికి పోయాడు, బాకీ తీరేదాకా రాలేడు. పండుగకు వచ్చిపోయిన తర్వాత నాకు నెల తప్పింది. కాపర్-టీ పడక తీయించుకున్నాను, నిరోధ్ వాడుతున్నాము, అయినా ఇట్లా జరిగింది. ఇప్పుడు ఎనిమిదో వారం. రెండో కాన్పులో రక్తం చాలా పోయింది, మళ్లీ కనే శక్తి నాకు లేదు. టౌన్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రికి పోతే భర్త సంతకం లేనిదే గర్భం తీయము అన్నారు. ఆయనకు ఫోన్ చేస్తే అమ్మను అడుగు అంటున్నాడు. మా అత్తమ్మ తెలిసినవాళ్ల దగ్గర స్కానింగ్ తీయిద్దాం, ఆడపిల్లయితే అప్పుడు తీయించుకో అంటున్నది. ఊళ్లో ఆర్‌ఎంపీ మాత్రలు ఇస్తానంటున్నాడు. కాలేజీకి పోయే మా మరిది, అమెరికాలోనే దీన్ని నేరం చేశారు, ఇక్కడ కూడా జైలే అంటున్నాడు. నేను చేయాలనుకున్నది నేరమా? పాపమా?

సమాధానం: అమ్మా, నేరం కాదు. మిగతా విషయాలు మాట్లాడుకునే ముందు ఈ ఒక్క మాట మీకు స్థిరంగా తెలియాలి. 1971లో పార్లమెంటు ఆమోదించగా 1972 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న గర్భవిచ్ఛిత్తి చట్టం, ఆసుపత్రుల్లో ఎంటీపీ చట్టం అని పిలిచేది, 20 వారాల లోపు గర్భాన్ని అర్హత గల ఒక్క వైద్యుడి అభిప్రాయంతో ప్రభుత్వ ఆసుపత్రిలో గాని, అనుమతి పొందిన ప్రైవేటు ఆసుపత్రిలో గాని తీయించుకునే వీలు కల్పిస్తున్నది. తల్లి ప్రాణానికి ముప్పు ఉన్నా, ఆమె శారీరక ఆరోగ్యానికో మానసిక ఆరోగ్యానికో తీవ్రమైన హాని కలిగేలా ఉన్నా, పుట్టబోయే బిడ్డకు తీవ్రమైన లోపం ఉండే ప్రమాదం ఉన్నా ఈ వీలు వర్తిస్తుంది. గర్భం రాకుండా వాడిన సాధనం విఫలమైతే, ఆ గర్భం వల్ల స్త్రీ పడే వేదనను మానసిక ఆరోగ్యానికి తీవ్రమైన హానిగానే భావించవచ్చని చట్టం చెబుతున్నది. మీరు రాసిన ఉత్తరంలోనే రెండు కారణాలు కనబడుతున్నాయి: నిరోధ్ విఫలం కావడం ఒకటి, గత కాన్పులో జరిగిన రక్తస్రావం మరొకటి. వైద్యుడికి ఈ రెండూ దాచకుండా చెప్పండి.

ఇక సంతకం సంగతి. 18 ఏళ్లు నిండిన స్త్రీ విషయంలో చట్టం అడిగేది ఆమె సమ్మతి ఒక్కటే. ఫారం-సి అనే కాగితం మీద మీరు సంతకమో వేలిముద్రో పెడితే చాలు; అందులో భర్త సంతకానికి గడి కూడా లేదు. సంరక్షకుల రాతపూర్వక అనుమతి కావలసింది 18 ఏళ్లు నిండని వారికి, మానసిక వ్యాధితో ఉన్నవారికి మాత్రమే. 2022 సెప్టెంబర్ 29న జస్టిస్ డి.వై. చంద్రచూడ్ నాయకత్వంలోని సుప్రీంకోర్టు ధర్మాసనం ఇచ్చిన తీర్పు, కుటుంబ సభ్యుల అనుమతి తెమ్మనడం, అక్కర్లేని పత్రాలు అడగడం, కోర్టు ఉత్తర్వు తెచ్చుకోమనడం వంటి చట్టంలో లేని షరతులను వైద్యులు పెట్టకూడదని స్పష్టంగా చెప్పింది. పెళ్లికాని స్త్రీలకు, పెళ్లయిన స్త్రీలకు మధ్య ఈ విషయంలో తేడా చూపకూడదని చెప్పింది కూడా ఆ తీర్పే.

మరి ఆసుపత్రులు ఎందుకు అడుగుతాయి? రేపు భర్త తరఫువాళ్లు పదిమంది వచ్చి గేటు ముందు గొడవ చేస్తారేమోనన్న భయం. ఆ భయాన్ని నేను కొట్టిపారేయను, మన వైపు నర్సింగ్ హోముల మీద అలాంటి దాడులు జరగడం అందరూ చూసిందే. కానీ ఆసుపత్రి తన భద్రత కోసం పెట్టుకున్న షరతుకు మూల్యం చెల్లించేది ఎవరో చూడండి. పాలమూరు ప్రాంతంలో మగవాళ్లు నెలల తరబడి ముంబయిలో, పుణెలో, బెంగళూరులో మేస్త్రీల కింద ఉంటారు. అటువంటి చోట భర్త సంతకం తెమ్మనడం అంటే, వలసపోయిన కూలీ భార్యకు ఈ వైద్యం లేదని చెప్పడమే. ఆమె ఎనిమిదో వారంలో వెనక్కి వెళ్లి, సంతకం కోసం ఎదురుచూసి, పద్నాలుగో వారంలో మళ్లీ వస్తుంది. లేదంటే ఆర్‌ఎంపీ దగ్గరికి పోతుంది. ఎనిమిదో వారంలో కొద్ది నిమిషాల్లో అయిపోయే పని వారాలు గడిచేకొద్దీ కష్టమవుతుంది, ప్రమాదమూ పెరుగుతుంది. జాగ్రత్త పేరుతో పెట్టిన షరతు ఆమెను ప్రమాదం వైపే నెడుతున్నది.

ఒక న్యాయవిషయం మాత్రం మీకు చెప్పి ఉంచడం నా బాధ్యత. 2007లో సమర్ ఘోష్ కేసులో విడాకుల సందర్భంగా సుప్రీంకోర్టు, వైద్య కారణం లేకుండా గాని, భర్తకు తెలియకుండా లేదా అతని సమ్మతి లేకుండా గాని భార్య గర్భస్రావం చేయించుకుంటే అది మానసిక క్రూరత్వం కిందికి రావచ్చునని పేర్కొన్నది. దానివల్ల ఆసుపత్రికి భర్త సంతకం అడిగే హక్కు రాదు, మీరు చేసినది నేరమూ కాదు. అది దాంపత్య వివాదంలో ఎదురయ్యే వాదన మాత్రమే. మీరు ఇప్పటికే భర్తకు చెప్పారు, మీకు వైద్య కారణమూ ఉంది. ఆయనకు ఫోన్‌లో ఒక సందేశం కూడా పంపి దాన్ని చెరపకుండా ఉంచుకోండి, ఆసుపత్రి కాగితాలు భద్రపరచుకోండి.

మీ మరిది చెప్పినదానిలో సగం నిజం ఉన్నది. బ్రిటిష్ వాళ్లు 1860లో చేసిన శిక్షాస్మృతిలోని 312వ సెక్షన్ గర్భస్రావం చేయించడాన్ని నేరంగా పెట్టింది, తానే చేసుకున్న స్త్రీని కూడా వదల్లేదు. 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అదే 88వ సెక్షన్‌గా కొనసాగుతున్నది. 1971 చట్టం దానికి మినహాయింపు. ఆ చట్టం ప్రకారం చేసిన గర్భవిచ్ఛిత్తికి శిక్షాస్మృతి వర్తించదు. అమెరికా విషయానికి వస్తే, 1973 నాటి రో తీర్పు గర్భస్రావ హక్కుకు దేశమంతటా ఇచ్చిన రక్షణను అక్కడి సుప్రీంకోర్టు 2022 జూన్ 24న తీసివేసి నిర్ణయాన్ని రాష్ట్రాలకు వదిలింది. కొన్ని రాష్ట్రాలు నిషేధించాయి, మరికొన్ని హక్కును ఇంకా గట్టిపరిచాయి. ఆ తీర్పుకు అచ్చంపేటలో విలువ లేదు.

నిషేధిస్తే ఏమవుతుందో తెలుసుకోవడానికి అమెరికా దాకా పోనక్కర్లేదు. మన పొరుగున కర్ణాటకలోని బెళగావికి చెందిన సవితా హలప్పనవర్ అనే దంతవైద్యురాలు ఐర్లాండ్‌లోని గాల్వేలో ఉండగా 17వ వారంలో ఆమెకు గర్భస్రావం మొదలైంది. బిడ్డ బతకదని తెలిసింది, గర్భం తీసేయమని ఆమె అడిగింది. పిండం గుండె ఇంకా కొట్టుకుంటున్నదని, అక్కడి చట్టం ఒప్పుకోదని ఆగారు. ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకి 2012 అక్టోబర్ 28న ఆమె చనిపోయింది, వయసు 31. ఆ మరణం కదిలించిన దేశం 2018 మే నెలలో ప్రజాభిప్రాయ సేకరణ జరిపి, మూడింట రెండు వంతుల ఓట్లతో ఆ నిషేధాన్ని రాజ్యాంగం నుంచి తొలగించుకున్నది. రుమేనియా కథ ఇంకా పాతది. 1966లో జనాభా పెంచాలని గర్భస్రావాన్ని నిషేధించారు. కొద్దికాలం కాన్పులు పెరిగాయి, తర్వాత స్త్రీలు చాటుమాటు పద్ధతులకు దిగి వేల సంఖ్యలో చనిపోయారు. 1989 డిసెంబర్‌లో నిషేధం ఎత్తేశాక ఒక్క ఏడాదిలోనే ప్రసూతి మరణాల రేటు సగానికి పడిపోయింది.

మన చట్టం పుట్టిందీ ఇటువంటి చావులను చూసే. మహారాష్ట్ర ఆరోగ్య మంత్రి శాంతిలాల్ షా అధ్యక్షతన 1964లో ఒక కమిటీ వేస్తే, అది రెండేళ్లు పరిశీలించి 1966లో నివేదిక ఇచ్చింది. శిక్షాస్మృతి ఉన్నా లేకున్నా అవసరం పడిన స్త్రీ ఈ పని చేయించుకుంటూనే ఉన్నదని, కాకపోతే మంత్రసాని పుల్లతోనో నాటుమందుతోనో చేయించుకొని చనిపోతున్నదని ఆ రోజుల్లో ఏ సర్కారు దవాఖానా ప్రసూతి వార్డును చూసినా అర్థమయ్యేది. మా అమ్మమ్మల తరంలో ప్రతి ఊరికీ ఇటువంటి ఒకటో రెండో చావులు ఉన్నాయి. వాటిని జ్వరం అని చెప్పుకొన్నారు.

చట్టం వచ్చి అర్ధశతాబ్దం దాటినా పని పూర్తి కాలేదు. 2015 సంవత్సరానికి పరిశోధకులు వేసిన అంచనా ప్రకారం దేశంలో ఆ ఏడాది దాదాపు 1 కోటి 56 లక్షల గర్భవిచ్ఛిత్తులు జరిగితే, నూటికి 73 ఆసుపత్రి బయట మాత్రలతోనే జరిగాయి. ఆసుపత్రుల్లో జరిగినవి నూటికి 22 మాత్రమే. వెనక్కి పంపబడిన స్త్రీలు ఎక్కడికి పోతున్నారో ఈ లెక్కే చెబుతున్నది, మీ ఊరి ఆర్‌ఎంపీ కూడా ఆ లెక్కలోని వాడే.

ఆ మాత్రల గురించి వివరంగా చెప్పాలి. మందు చెడ్డది కాదు. మిఫెప్రిస్టోన్, మిసోప్రోస్టాల్ అనే ఆ రెండు మందులను ప్రపంచమంతా వాడుతున్నది. మన దేశంలో తొమ్మిది వారాల లోపు గర్భానికి, వైద్యుడి చీటీ మీద వాడటానికి అనుమతి ఉన్నది. చిక్కు ఇచ్చే మనిషితో. ఊళ్లో మనం ఆర్‌ఎంపీ అని పిలిచే వ్యక్తి ఎంటీపీ చట్టం చెప్పే రిజిస్టర్డ్ వైద్యుడు కాడు, అర్హత లేనివాడు ఈ పని చేస్తే రెండు నుంచి ఏడేళ్ల కఠిన జైలు శిక్ష ఉన్నది. అతను గర్భం ఎన్ని వారాలదో సరిగా లెక్కగట్టడు. లెక్క నెల తప్పిన రోజు నుంచి కాదు, చివరిసారి బహిష్టు అయిన మొదటి రోజు నుంచి. గర్భం గర్భసంచిలో కాక గొట్టంలో ఉంటే ఈ మాత్రలు పనిచేయవు, ఆ గొట్టం పగిలితే గంటల్లో ప్రాణం పోతుంది. అది ముందే తెలుసుకోవడానికి అతని దగ్గర దారి లేదు. పైగా మీకు రక్తం తక్కువగా ఉండే అవకాశం ఉన్నది. హిమోగ్లోబిన్ ఎంత ఉన్నదో చూడకుండా రక్తస్రావం అయ్యే మందు ఇవ్వడం మీ విషయంలో మరింత ప్రమాదం.

ఈ సమాధానం మీ చేతికి చేరేలోపే మీరు ఆ మాత్రలు వేసుకొని ఉంటే, భయపడి దాచకండి. గంటకు రెండు ప్యాడ్ల చొప్పున వరుసగా రెండు గంటలు తడిసిపోతున్నా, ఒక రోజు దాటినా జ్వరం తగ్గకున్నా, దుర్వాసన వేస్తున్నా, కడుపునొప్పి భరించలేకుండా ఉన్నా, కళ్లు తిరిగి పడిపోతున్నా వెంటనే 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి వెళ్లండి. ఏ మందు వేసుకున్నారో వైద్యులకు ఉన్నదున్నట్టు చెప్పండి, వీలైతే ఖాళీ అట్ట తీసుకుపోండి.

మీ అత్తమ్మ చెప్పిన స్కానింగ్ మాటకు మాత్రం ఒప్పుకోకండి. అది వేరే చట్టం. 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం ప్రకారం కడుపులో ఉన్నది ఆడో మగో చెప్పినవారికే కాదు, చెప్పించుకోవడానికి వెంటతీసుకుపోయిన బంధువులకూ మొదటిసారికే మూడేళ్ల దాకా జైలు పడవచ్చు, బంధువులకు 50 వేల రూపాయల దాకా జరిమానా కూడా పడవచ్చు. బలవంతపెడితే పోయిన గర్భిణిని చట్టం శిక్షించదు. ఎనిమిదో వారంలో ఆ స్కానింగ్‌తో ఆడో మగో తేలదు కూడా. ఎవరైనా చెప్పారంటే డబ్బు కోసం చెప్పిన అబద్ధమే. అత్తమ్మ మాట విని ఆగితే పదిహేనో వారమో పదహారో వారమో వస్తుంది, అప్పుడు నిర్ణయం మీ చేతిలోంచి జారి ఆమె చేతిలోకి పోతుంది. మీకు ఇష్టం లేకుండా ఎవరైనా గర్భం తీయించినా అది న్యాయ సంహిత 89వ సెక్షన్ కింద యావజ్జీవ శిక్ష దాకా పోగల నేరం.

ఈ రెండు చట్టాలను కలిపి చూసే అలవాటు మన అధికారుల్లోనూ ఉన్నది. ఆడపిల్లల సంఖ్య తగ్గుతున్నదని గర్భవిచ్ఛిత్తి మీదనే కన్నేస్తారు, ఇద్దరు ఆడపిల్లల తల్లి ఆసుపత్రికి వస్తే అనుమానంగా చూస్తారు. దేవరకొండ ప్రాంతపు తండాల్లో పుట్టిన ఆడశిశువుల అమ్మకాలు పాతికేళ్ల కిందట బయటపడినప్పుడు రాష్ట్రమంతా ఉలిక్కిపడ్డది. అక్కడి తల్లుల మెడ మీద ఉన్నది కొడుకు పుట్టేదాకా కంటూనే ఉండమనే ఒత్తిడి. అటువంటి తల్లికి ఇక చాలు అనగలిగే దారి ఉండి ఉంటే ఎంత మేలు జరిగేదో ఆలోచించాలి. ఎనిమిదో వారంలో, ఆడో మగో తెలియకముందే, నాకు మూడో కాన్పు వద్దు అంటున్న మీరు ఏ ఆడపిల్లకూ అన్యాయం చేయడం లేదు.

పాపమా అని అడిగారు. నేను పూజారిని కాను, మీ విశ్వాసంలో వేలు పెట్టను. పాపమని నమ్మే స్త్రీని ఈ చట్టం ఒక్క అడుగు కూడా బలవంతంగా నడిపించదు. ఆమె కనవచ్చు, ఎవరూ ఆపరాదు. 2009లో సుచితా శ్రీవాస్తవ కేసులో సుప్రీంకోర్టు, కనడమైనా కనకపోవడమైనా రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చే వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమేనని చెప్పింది. ఆ కేసులో కోర్టు కాపాడింది బిడ్డను కనాలన్న ఒక యువతి కోరికనే. పాపపుణ్యాల లెక్క మీకూ మీ దేవుడికీ మధ్య ఉండవలసినది, మీ శరీరం మీద వచ్చే బరువును మోయని నలుగురు కూర్చుని తేల్చవలసినది కాదు. ఇద్దరు బిడ్డలను తల్లి లేనివాళ్లను చేయకూడదన్న మీ ఆలోచనలో నాకైతే పాపం కనబడలేదు.

మన చట్టం లోపం లేనిదని కూడా నేను చెప్పను. అది స్త్రీకి హక్కు ఇవ్వలేదు, వైద్యుడికి రక్షణ ఇచ్చింది. 12 వారాల లోపు స్త్రీ కోరడమే చాలునని ఉండవలసిన చోట వైద్యుడి అభిప్రాయాన్ని నిలబెట్టింది. 2021లో చేసిన సవరణ 24 వారాల దాకా గడువు పెంచినా, అది అత్యాచార బాధితులు, మైనర్లు, గర్భంతో ఉండగా వితంతువులైన వారు లేదా విడాకులు పొందిన వారు, వికలాంగులు వంటి కొన్ని వర్గాలకే, అదీ ఇద్దరు వైద్యుల అభిప్రాయంతో. అందుకే సంతకం తెమ్మని వెనక్కి పంపే ధైర్యం ఆసుపత్రులకు వస్తున్నది. అయినా మీ ఎనిమిదో వారానికి ఉన్న చట్టమే సరిపోతుంది.

ఆలస్యం చేయకుండా నాగర్‌కర్నూల్ జిల్లా ప్రభుత్వ ఆసుపత్రికి గాని, మహబూబ్‌నగర్ జనరల్ ఆసుపత్రికి గాని వెళ్లి ప్రసూతి విభాగంలో ఎంటీపీ కోసం వచ్చానని చెప్పండి. రక్తపరీక్ష, స్కానింగ్ చేసి, తొమ్మిది వారాలు దాటకపోతే మాత్రలు, దాటితే సన్నని గొట్టంతో పీల్చి తీసే వాక్యూమ్ పద్ధతి సూచిస్తారు. వాక్యూమ్ కొద్ది నిమిషాల పని, ఎక్కువగా అదే రోజు ఇంటికి పంపిస్తారు. సరిగా చేస్తే ముందుముందు గర్భం రాదన్న మాట నిజం కాదు. ప్రైవేటు ఆసుపత్రికే పోతే ఎంటీపీ అనుమతి పత్రం గోడ మీద ఉన్నదో లేదో చూడండి. మీ పేరు, వివరాలు చట్టం అనుమతించిన వారికి తప్ప ఎవరికీ చెప్పకూడదు. చెప్పిన వైద్యుడికి ఏడాది దాకా జైలు ఉన్నది. కాబట్టి ఆశా కార్యకర్తకు తెలిసిపోతుందని, ఊరంతా తెలుస్తుందని వెనకాడకండి. అక్కడా సంతకం అడిగితే, చేయలేమన్న మాటను కారణంతో సహా రాసి ఇవ్వమనండి. రాసి ఇవ్వడానికి చాలామంది ఇష్టపడరు, అప్పుడే దారికి వస్తారు. రాకుంటే జిల్లా వైద్య ఆరోగ్య అధికారికి ఫిర్యాదు చేయవచ్చు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ స్త్రీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది, ఫోన్ 15100. ఇంట్లో ఒత్తిడి పెరిగితే 181కి ఫోన్ చేస్తే సఖి కేంద్రం వాళ్లు సాయానికి వస్తారు.

ఇంకొక షరతు కూడా మీకు ఎదురుకావచ్చు: పిల్లలు కాకుండా ఆపరేషన్ చేయించుకుంటేనే ఇది చేస్తామని. అది కూడా తప్పే, రెండింటికీ ముడి పెట్టకూడదు. 2022 ఆగస్టులో ఇబ్రహీంపట్నంలో ఒకే రోజు 34 మందికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేయగా నలుగురు చనిపోయినప్పటి నుంచి మన వైపు ఆడవాళ్లకు ఆ శిబిరాలంటే భయం, ఆ భయానికి కారణం ఉన్నది. కావాలనుకుంటే రక్తం పెరిగాక, శిబిరంలో కాకుండా ఆసుపత్రిలో నిదానంగా చేయించుకోవచ్చు. అందాకా మూడు నెలలకోసారి వేసే అంతర ఇంజెక్షన్, వారం మాత్ర ఛాయ ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. మీకు ఏది సరిపడుతుందో వైద్యురాలిని అడగండి. గర్భవిచ్ఛిత్తి తర్వాత రెండు వారాల్లోనే మళ్లీ గర్భం రావచ్చు, కాబట్టి ఆ రోజే అడగడం మంచిది. మీ భర్త ఇంటికి వచ్చినప్పుడు వేసెక్టమీ, అంటే మగవాళ్లకు చేసే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ మాట ఆయన ముందు పెట్టండి. అది ఆడవాళ్ల ఆపరేషన్ కంటే చిన్నది, సురక్షితమైనది. మగతనం పోతుందని, బరువు పని చేయలేరని చెప్పే మాటలకు ఆధారం లేదు, కొద్ది రోజుల విశ్రాంతి తర్వాత ఆయన మళ్లీ మేస్త్రీ పనికి పోవచ్చు. ఆపరేషన్ అయిన తర్వాత మూడు నెలలు, పరీక్షలో వీర్యకణాలు లేవని తేలేదాకా, నిరోధ్ వాడటం మాత్రం ఆపకూడదు.